చూడనప్పుడు ఆరిపోయే దీపం

గడ్డం ఇక్కడ పెట్టండమ్మా, నుదురు ఈ పట్టీకి ఆనించండి, ఆఁ, అంతే, ఇక కదలకండి, అంది పరీక్ష చేసే అమ్మాయి. లైటక్క గడ్డం పెట్టింది, నుదురు ఆనించింది, ఎడమకంటి మీద అతికించిన దూది బిళ్ళ చెంపకు చక్కిలిగిలి పెడుతుంటే ఓర్చుకుంది. ఎదురుగా తెల్లటి గిన్నె. పెద్ద వంటగిన్నెను పక్కకు పడుకోబెట్టి అందులో తల దూర్చమన్నట్టుంది వరస. గిన్నె నట్టనడుమ పసుప్పచ్చని చుక్క ఒకటి. గదిలో దీపం ఆర్పేసి ఆ అమ్మాయి పక్కన కుర్చీ లాక్కున్న చప్పుడైంది. "ఆ చుక్కనే చూడండి. చుట్టుపక్కల ఎక్కడైనా చిన్న వెలుగు కనబడితే చేతిలో మీట నొక్కండి. కళ్ళు తిప్పి వెతక్కండి. కనబడకపోతే ఊరుకోండి. ఊరుకోవడం కూడా పరీక్షేనమ్మా" అంది. ఊరుకోవడం! పెళ్ళికి ముందు నుంచీ నాటకాలకు లైట్లు వేస్తున్న మనిషిని పట్టుకుని వెలుగు వచ్చేదాకా ఊరుకోమంటే ఎలా ఊరుకుంటుంది? ఆ వచ్చే వెలుగు తనే కదా ఇన్నాళ్ళూ.

టిక్. కుడిపక్కన ఒక మెరుపు, నొక్కింది. టిక్. కింద, మసగ్గా, ఉన్నట్టా లేనట్టా, ఉన్నట్టే, నొక్కింది. అదుగో, చెయ్యి అప్పుడే తాళం అందుకోవడానికి చూస్తోంది. దీని పొగరు ఇంకా అణగలేదు. కిందటిసారీ ఇంతే చేసింది, అంతకుముందూ ఇంతే. రంగస్థలం మీద వేషగాడు "ఎవరది?" అని తిరిగేసరికి అక్కడ వెలుగు ఉండాలంటే, వాడు ఊపిరి పీల్చుకుంటున్నప్పుడే ఇక్కడ చెయ్యి కదలాలి. మాట విన్నాక కదిలితే ఆ దీపం ఆలస్యంగా వచ్చిన చుట్టంలా ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ అర ఊపిరి ముందు బతికిన చెయ్యి ఇది. మొదటిసారి ఈ గిన్నెలో తల పెట్టినప్పుడు రెండు నిమిషాల్లో యంత్రం నడక పట్టేసి, చప్పుడు వినబడగానే నొక్కడం మొదలుపెట్టింది. యంత్రం ఇంకా గడుసుది. ఉండుండి చప్పుడు చేసి వెలుగు చూపించదు. అలా చూపించని వెలుగులన్నిటికీ లైటక్క చక్కగా, ఒక్కటి కూడా వదలకుండా నొక్కింది. పరీక్ష చెల్లదన్నారు. రెండోసారీ చెల్లలేదు. డాక్టరమ్మ కళ్ళజోడు నుదుటి మీదకు తోసుకుని, "మీ కళ్ళ సంగతి చెప్పమంటే మీ వేళ్ళ సంగతి చెబుతున్నారమ్మా" అంది. ఆ తర్వాత నవ్వు మానేసి ఇంకో మాట కూడా అంది. కంటి వెనక నరం కొంచెం అరిగినట్టు కనబడుతోంది, కానీ చూపు ఎంత పోయిందో మీరు చెబితేనే నాకు తెలుస్తుంది, ఈసారీ ఇంతే అయితే నేను గుడ్డిగా నిర్ణయం తీసుకోవాలి, ఆపరేషను అవసరం ఉందో లేదో తెలియకుండానే చేయాల్సి రావచ్చు అని. ఆపరేషనంటే లైటక్కకు పెద్ద భయం లేదు. గుడ్డిగా అన్న మాటే ఆమె లోపల ముల్లులా దిగింది. తన కంట్లో ఎంత వెలుగుందో తనకే తెలియకపోతే ఇక ఈ పనికి అర్థమేముంది? అందుకే ఇవాళ తాడో పేడో తేలాలి.

బొటనవేలిని మీట మీంచి తీసి పక్కన వేలి కణుపు మీద పెట్టుకుంది. అక్కణ్ణుంచి మీట మీదకు రావాలంటే కొంచెం దూరం. ఆ కొంచెం దూరమూ తనకు బుద్ధి చెప్పడానికి సరిపోతుందని ఆశ. టిక్. పైన కుడివైపు. వేలు జరిగింది, నొక్కింది, వెనక్కి వచ్చింది. బాగానే ఉంది. నీటికాసులట ఈ జబ్బు పేరు. మొదట విన్నప్పుడు ఇదేదో మెడలో వేసుకునే నగ పేరులా ఉందే అనుకుంది, ఇంటికొచ్చి ఆయనతో అంటే "చివరికి కాసులు ఇలా వచ్చాయన్నమాట మనింటికి" అన్నాడు. కంట్లో నీరు ఊరుతుందట, ఊరిన నీరు ఒక సన్నని జల్లెడ లోంచి బయటకు పోతుందట, ఆ జల్లెడ పూడుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, వెనకున్న నరాన్ని కొంచెం కొంచెంగా నలిపేస్తుందట. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, ఎదుటి మనిషి మొహం చక్కగా కనబడుతుంది, అంచులు మాత్రం చెప్పా పెట్టకుండా జారుకుంటాయి. దొంగ నయం, కనీసం తలుపు తాళం పగలగొడతాడు. రోజూ పడుకునే ముందు ఆయన చుక్కల మందు వేస్తాడు. ఆయన నాటకాల్లో ప్రాంప్టరు, తెర పక్కన నిలబడి మాటలు మర్చిపోయినవాళ్ళకు అందించే మనిషి, నాటక సమాజంలో అందరూ గుసగుసల బాబాయి అంటారు. ఇంట్లో కూడా ఆ గొంతే. మంచం పక్కన నిలబడి "పైకి చూడు" అని గుసగుసగా అంటాడు, పక్కింట్లో ప్రేక్షకులున్నట్టు. చుక్క పడ్డాక కన్ను మూసి ముక్కు పక్కన వేలితో నొక్కి పట్టుకోవాలి, మందు గొంతులోకి జారకుండా. ఆ కాసేపూ ఆయన ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి ఊరికే కూర్చుంటాడు. తర్వాత ఆమె వంతు. దీపం గుడ్డిగా పెట్టుకుని రెప్ప వేయకుండా పుస్తకం చూసి చూసి ఆయన కళ్ళు ఎండిపోయాయి. ఆయనకు కన్నీళ్ళ చుక్కలు, సీసాలో దొరికే కన్నీళ్ళు. "పెళ్ళైనప్పట్నుంచీ నా కన్నీళ్ళు నువ్వే తెప్పిస్తున్నావు" అంటాడు, రోజూ అంటాడు, రోజూ ఆమెకు నవ్వొస్తుంది.

టిక్. లేదు. టిక్. ఎడమవైపు కింద, ఉంది. ఈ మందు వాడినప్పట్నుంచీ రెప్పల వెంట్రుకలు పొడుగయ్యాయి, అది ఆ మందు గుణమేనని డాక్టరమ్మ చెప్పింది. సమాజంలో అమ్మ వేషాలు వేసే వదిన మాత్రం నమ్మలేదు. ఏ అంగట్లో కొన్నావో చెప్పు, నాకూ కావాలి అని వెంటపడింది. వదినకు కళ్ళంటే పిచ్చి. ఓ వానాకాలం సమాజం మొత్తానికీ కళ్ళకలకలు వచ్చాయి, ఒకే తువ్వాలు అందరూ వాడితే రాక ఏమవుతుంది? కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, టిక్కెట్లు అమ్ముడైపోయాయి, ఆట ఆపే వీల్లేదు. చల్లటి నీళ్ళతో కడుక్కోండి, చేతులు కడుక్కోండి, ఎవరి తువ్వాలు వాళ్ళు వాడండి, తగ్గేదాకా జనంలోకి పోకండి అన్నాడు అప్పటి డాక్టరు. వాళ్ళు మొదటి మూడూ విన్నారు. రాజుగారు నల్ల కళ్ళజోడు పెట్టుకుని చచ్చిపోయాడు, రాణిగారు నల్ల కళ్ళజోడు పెట్టుకుని ఏడ్చింది, సేవకుడు నల్ల కళ్ళజోడు పెట్టుకుని కబురు తెచ్చాడు. జనం అది కొత్త పద్ధతి అనుకుని చప్పట్లు కొట్టారు, మరుసటి వారానికి జనం కళ్ళూ ఎర్రబడ్డాయి. అందుకు మాత్రం చప్పట్లు కొట్టలేదు. నవ్వకూడదు, నవ్వితే నుదురు కదులుతుంది. "బాగా చేస్తున్నారమ్మా, కుడికన్ను సగం అయింది" అంది ఆ అమ్మాయి, గొంతులో చిన్న జలుబుతో.

సగమేనా. చుక్క చుట్టూ గిన్నె కాస్త కాస్త మసకబారి మళ్ళీ తెల్లబడుతోంది. రెప్ప వేయొచ్చు, నొక్కేటప్పుడు వేస్తే మంచిదని చెప్పింది. మనవరాలు అయితే రెప్ప వేయకుండా ఎంతసేపైనా చూస్తుంది, రోషం. దానికి ఒక కన్ను బద్ధకం కన్ను. కన్ను బాగానే ఉంది కానీ మెదడు దాన్ని పట్టించుకోవడం మానేసిందట. కళ్ళజోడు ఇచ్చి, రోజూ కాసేపు బాగున్న కంటికి బిళ్ళ అతికించమన్నారు, పని చేయని కన్ను చచ్చినట్టు పని నేర్చుకోవాలని. బిళ్ళ పెట్టగానే ఇల్లెగిరిపోయేలా ఏడ్చేది. దాని అమ్మ బతిమాలింది, బెదిరించింది, చివరికి పిల్లను తెచ్చి ఈమె ఒళ్ళో కూర్చోబెట్టి "నీ తిప్పలు నువ్వు పడు" అంది. లైటక్క తన కంటికి కూడా ఒక బిళ్ళ అతికించుకుంది. ఒంటికన్ను అమ్మమ్మ, ఒంటికన్ను మనవరాలు ఎదురెదురుగా కూర్చుని పూసలు గుచ్చారు, గవ్వలు ఏరారు, గ్లాసులోకి నీళ్ళు పోయడం పందెం వేసుకున్నారు. నీళ్ళు సగం చాప మీదే. "అమ్మమ్మా, నాకంటే నువ్వే ఎక్కువ ఒలికించావు" అంది పిల్ల. నిజమే, ఆ రోజు ఈమె బాగున్న కన్ను మూసుకుంది, ఈ కుడికన్నుతో చూసింది. అప్పుడు అనుకోలేదు. పిల్ల గెలిచిందన్న సంతోషంలో ఏమీ అనుకోలేదు. దానికి ఇప్పుడు చిన్న అక్షరాలు కూడా కనబడుతున్నాయి, తొందరగా పట్టుకున్నారు కాబట్టి కుదిరింది, పెద్దయ్యాక అయితే కష్టమయ్యేదన్నారు.

టిక్. లేదు. టిక్. లేదు. యంత్రం మోసం చేస్తోందేమో, కానీయ్, ఈసారి పడను. టిక్. లేదు. వేలు కణుపు మీద దురద పెట్టినట్టు ఎగిరెగిరి పడుతోంది, ఉండవే. టిక్. కుడివైపు కింద, తళుక్కున, ఉంది, నొక్కింది. అంటే యంత్రం ఆగిపోలేదు. టిక్. లేదు. టిక్. లేదు. కుడివైపు పైన, ఉంది. మళ్ళీ రెండుసార్లు లేదు. లైటక్క పసుప్పచ్చ చుక్కను పట్టుకుని వేళ్ళాడుతూ ఆలోచించింది. లైట్లు ఎలా పంచుతారో ఆమెకు ఒకరు చెప్పాలా? ఎవరైనా రంగస్థలాన్ని గళ్ళు గళ్ళుగా విడదీసి ఒక్కో గడికీ దీపం వేసి చూస్తారు. కుడి పైన వేశారు, కుడి కింద వేశారు, ఎడమ కింద వేశారు. మరి ఎడమ పైన ఎందుకు వేయడం లేదు? వేయకుండా ఎందుకుంటారు, వేస్తూనే ఉన్నారు. ఆ టిక్కులన్నీ అవే. ఎడమ పైమూల.

ఎడమ పైమూల అనుకోగానే తట్టింది. మెట్ల మీది దీపం! దేవుడా, మెట్ల మీది దీపం. కిందటి నాటకంలో రంగస్థలానికి ఎడమవైపు మేడమెట్లు కట్టారు, పై మెట్టు మీద నిలబడి వదిన చెప్పే మాటలు చాలా ఉన్నాయి. లైట్ల గది ఒకప్పటి సామాన్ల కొట్టు, గోడకు ఒక కన్ను పట్టేంత కంత తప్ప కిటికీ లేదు, ఆ కంతకు కుడికన్ను ఆనించి చూడటమే ఆమె పద్ధతి. నడుమ ఉన్న కథానాయకుణ్ణి చూస్తుంటే ఆ మెట్టు మీద దీపం మసకేసేది. ఏమిటా అని తిరిగి దాన్నే చూస్తే బ్రహ్మాండంగా వెలిగేది. మళ్ళీ నడుమకు చూపు తిప్పితే మళ్ళీ మసక. చూసినప్పుడు వెలిగి చూడనప్పుడు ఆరిపోయే దీపం! దొంగ బల్బు అనుకుని బల్బు మార్చింది. తీగ వదులైందని తీగ మార్చింది. తీగ అమ్మిన కొట్టువాణ్ణి పిలిచి నలుగురిలో చీవాట్లు పెట్టింది, పాపం వాడు తలొంచుకుని ఇంకో తీగ ఊరికే ఇచ్చి పోయాడు. అప్పటికీ మసకే. ఒళ్ళుమండి ఆ దీపం మీట ఒక్కటే పైదాకా తోసేసి, అప్పుడు సరిపోయిందనుకుంది. ఆ రోజు నుంచీ నాటకం ఆడినన్నాళ్ళూ పై మెట్టు మీద పట్టపగలు కాసింది, ఆమెకు తప్ప హాల్లో అందరికీ.

అందుకా! అందుకా అందరూ ఆ మెట్టెక్కడానికి పేచీలు పెట్టుకున్నది? సేవకుడి వేషం వేసేవాడు పళ్ళెం పట్టుకుని పని లేకపోయినా ఆ మెట్టెక్కేవాడు. కథానాయకుడు ఏడుపు ఘట్టం నడుమన కాకుండా అక్కడ పెట్టమని దర్శకుడి ప్రాణం తీశాడు. వదిన అయితే "ఆ మెట్టు మీద నిలబడితే నా వయసు సగానికి దిగుతుందే, నీ చేతిలో ఏం మహిమ ఉందో" అని బుగ్గ పుణికి పోయింది. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, అక్కా ఎక్కువైంది అని నోరు విప్పలేదు. ఎలా విప్పుతారు, అనుభవిస్తున్నారు కదా వెధవలు. పైగా తను రంగుల తాతయ్యను చూసి ఎంత నవ్వింది! మొహాలకు రంగులు పూసే ఆ తాతయ్య రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి, లేత రంగు కనబడక ఒకటికి రెండు పూతలు వేసేవాడు, కథానాయకుడి బుగ్గలు పండిన టమాటాల్లా ఉండేవి. శుక్లాలు తీసి కొత్త కటకాలు పెట్టించుకుని, అదే రోజు ఇంటికొచ్చి, వారం తిరక్కుండా రంగుల పెట్టె ముందు కూర్చుని లబోదిబోమన్నాడు, ఇలా ఉన్నాయా నేను చేసిన మొహాలు, మీరంతా ఏం చేస్తున్నారర్రా అని. ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్వింది ఈవిడే. ఇప్పుడు నవ్వు పొట్టలోంచి తన్నుకొస్తోంది, గడ్డం వణుకుతోంది, "కదలకండమ్మా, ఇంకొంచెమే" అంటోంది ఆ అమ్మాయి, మీట గట్టిగా నొక్కి పట్టుకుంటే యంత్రం ఆగుతుందని చెప్పారు కదా, నొక్కి పట్టుకుని కాసేపు నవ్వుకుంది.

నవ్వు అయిపోయాక భయం వేసింది. నిజంగా భయం. అయితే ఆ మూల లేదన్నమాట. దీపానిది కాదు తప్పు, తీగది కాదు, తన కంటిదే. మీట వదిలింది, యంత్రం మళ్ళీ మొదలైంది. టిక్. లేదు. ఇప్పుడు చేతికి అంతా తెలిసిపోయింది, వెలుగు రాని చప్పుళ్ళు చాలావరకు ఆ మూలవేనని కూడా తెలిసిపోతోంది. నొక్కితే సరి. కొన్ని నొక్కితే ఆ మూల కాగితం మీద తెల్లగా వస్తుంది, డాక్టరమ్మ సంతోషిస్తుంది, ఇంటికి పోవచ్చు, వచ్చే నెల కొత్త నాటకం, ఎప్పటిలాగే కొట్టుగది, ఎప్పటిలాగే కంత. బొటనవేలు మీట అంచు దాకా వచ్చింది. టిక్. లైటక్క పసుప్పచ్చ చుక్కను చూసింది. ఇంతకాలమూ జనానికి ఒక అబద్ధపు పగలు చూపించాను, అది తెలియక చేశాను, ఇప్పుడు తెలిసి నాకు నేనే చూపించుకోవాలా అనుకుంది. వేలు వెనక్కి పోయింది. చీకటినీ రానీ, అదీ తన వేషం వేసుకునే వచ్చింది, దాని వంతు దానికివ్వాలి. టిక్, లేదు, ఊరుకుంది. టిక్, లేదు, ఊరుకుంది. ఊరుకోవడం వచ్చేసింది. ఈ వయసులో ఒక కొత్త పని చేతనైనందుకు, ఆ భయంలోనే, చిన్నపిల్లకు కలిగేలాంటి సంబరం కలిగింది.

తర్వాత ఎడమకన్ను. దూది బిళ్ళ ఇటునుంచి అటు మారింది. ఇటువైపు గిన్నె నిండా వెలుగులే, మూలమూలలా, దీపాల దుకాణంలా. ఒకటి రెండు చోట్ల తప్ప ఎక్కడా చప్పుడు ఖాళీగా పోలేదు. ఈ కన్నే పాపం ఇన్నాళ్ళూ రెండో దాని లోటు కప్పిపుచ్చుతూ వచ్చింది, వీధి దాటేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు, బియ్యం ఏరేటప్పుడు, కిక్కురుమనకుండా ఇద్దరి చాకిరీ చేసింది. తోబుట్టువులంటే ఇలా ఉండాలి. అన్నట్టు, ఈ జబ్బు రక్తసంబంధాల్లో నడుస్తుందట, కూతుర్నీ చెల్లెల్నీ కూడా తీసుకొచ్చి చూపించాలి, చెల్లెలు రానంటుంది, రెక్క పట్టుకుని లాక్కురావాలి. "అయిపోయిందమ్మా" అంది ఆ అమ్మాయి, గదిలో దీపం వేసి. "ఈసారి యంత్రం మిమ్మల్ని ఒక్కసారి కూడా పట్టుకోలేకపోయింది."

డాక్టరమ్మ ముద్రించిన కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది. కుడికన్ను బొమ్మలో ఎడమ పైమూల నల్లటి మరక, కొడవలి వంకరలా. మిగతాదంతా తెలుపు. "ఇవాళ మీ వేళ్ళు నోరు మూసుకున్నాయి, మీ కళ్ళే మాట్లాడాయి" అంది. పోయిన ముక్క తిరిగి రాదని దాపరికం లేకుండా చెప్పింది. నడుమ చూపు శుభ్రంగా ఉందని, ఆపరేషను ఇప్పుడు అక్కర్లేదని, లేజరుతో ఆ జల్లెడను కాస్త సడలిస్తే నీరు సాఫీగా పోయి ఒత్తిడి దిగుతుందని, కూర్చున్న చోటే అయిపోతుందని, చుక్కల మందు మాత్రం మానకూడదని చెప్పింది. "ఇవాళ్టి ఈ బొమ్మే మనకు మొదటి బొమ్మ. ఇకమీద ప్రతిసారీ దీంతో పోల్చి చూస్తాం, ఇది పెరగకుండా చూసుకోవడమే మన పని." మెట్ల దీపం కథా, గోడ కంతకు కన్నానించి చూసే సంగతీ చెప్పి, లైట్లు వేయొచ్చా అని లైటక్క అడిగింది. "వేయండి. కానీ రెండు కళ్ళతో చూసి వేయండి. ఆ గోడకు కిటికీ పెట్టించండి తల్లీ, కంతేమిటి ఈ రోజుల్లో" అంది డాక్టరమ్మ.

బయట వరండాలో బెంచీలన్నీ నిండి ఉన్నాయి. చక్కెర జబ్బు కంటిదాకా పోయి కంట్లో సూదిమందు వేయించుకున్నాయన పక్కవాళ్ళకు ధైర్యం చెబుతున్నాడు, ఏమీ తెలియదండీ, చుక్కలు వేసి మొద్దుబారుస్తారు, మీరు అటు చూస్తుండగానే అయిపోతుంది అని. గుసగుసల బాబాయి గోడ పక్కన నిలబడి ఉన్నాడు, కూర్చోలేక. ఆమెను చూడగానే ఎదురొచ్చాడు కానీ ఏమన్నారని అడగలేదు, ఎదుటివాళ్ళ నోట మాట ఆగిపోతే అందించడమే జన్మంతా చేసిన మనిషి, ఇప్పుడు తనకే మాట అందక పెదవులు కదిపాడు. పోయిందండీ, కొంచెం, అంది ఆమె. మిగతాదంతా ఉంది. ఎంత పోయిందని ఆయన మొహంతోనే అడిగాడు. ఎంతో ఎలా చెప్పాలి? ఆ నల్ల మరక చూపిస్తే హడలిపోతాడు. ఆమె ఆయన భుజం పట్టుకుని వెలుతురులోకి తిప్పి, దగ్గరగా నిలబడి, అరచేత్తో ఎడమకన్ను మూసుకుంది.

"కదలకండి. ఇలా మీ మీసం వంక చూస్తుంటే మీ బట్టతల సగం కనబడటం లేదండీ."

ఆయన కదలకుండా నిలబడ్డాడు. కళ్ళు చెమర్చాయి, సీసాతో పని లేకుండానే. ఎప్పటి గొంతుతోనే, ఆమెకు మాత్రమే వినబడేలా అన్నాడు:

"అయితే ఆ సగంలో జుట్టుందనుకో."

ఆమె అనుకుంది. మీసం మీంచి చూపు తిప్పకుండా అనుకుంది, ఉంది, నల్లగా, ఒత్తుగా, పెళ్ళినాటిది.